కట్ చేస్తే వస్తున్నట్టు

మా అక్కకి ఆయాసం వచ్చినప్పుడు మాట రాదు. మామూలప్పుడు మాత్రం ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. కుట్టుమిషను తొక్కుతూనే వీధిలో పోయే కూరల బండి అతనితో బేరమాడేది, పక్కింటి పిల్లల చేత ఎక్కాలు చెప్పించేది, మధ్యలో తీరిక చేసుకుని నన్ను తిట్టేది. అలాంటి మనిషి ఆయాసం ఎక్కిందంటే మంచం పట్టె పట్టుకుని, భుజాలు పైకెత్తి, నోరు తెరిచి, కళ్ళతోనే మాట్లాడేది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా నాకది అలవాటు కాలేదు. ఆవిడ ఛాతీలో పిల్లికూతలు మొదలైతే చాలు, చేస్తున్న పని వదిలేసి ఆసుపత్రి సంచీ సర్దేదాన్ని.

అమ్మా నాన్నా పోయాక ఇద్దరమే మిగిలాం. గుణదలలో రైలు గేటు అవతల రెండు గదుల ఇల్లు. జాకెట్లు కుట్టి, ఫాల్స్ వేసి, పరికిణీలు కుట్టి నన్ను ఎంసీఏ దాకా చదివించింది. తన పెళ్ళి ఊసెత్తనివ్వలేదు. ఎవరైనా ఎత్తితే, "ఈ రొప్పుడు ఇనేదానికి ఒకణ్ణి తెచ్చుకోవాలా? నా చెల్లెలు ఇంటంది, చాల్లే" అని నోరు మూయించేది. నేను గన్నవరం దారిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్లు చెప్పే లెక్చరర్‌నయ్యాను. మొదటి జీతంతో కాదు గానీ, కొన్నాళ్ళకి ఒక స్కూటీ కొన్నాను. ఆ తర్వాత చెరో సెల్‌ఫోను. రెండువేల సంవత్సరం దాటిన రోజులు. అప్పటికి విజయవాడలో రిక్షా లాగేవాళ్ళ జేబుల్లో కూడా ఫోన్లు మోగుతున్నాయి.

ఫోన్లు వచ్చిన కొత్తలో అక్క ఒక ఏర్పాటు చేసింది. నాకు చెప్పిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఆయాసంలో నేనేం మాట్టాడతానే, గాలే రాదు. ఊరికే ఫోను కొడతా. నువ్వు కట్ చెయ్యి. కట్ చేశావంటే వస్తన్నావని. నేను తలుపేసుకుని గుమ్మంలో కూచ్చుంటా. కట్ చెయ్యకుండా మోగీ మోగీ ఆగిపోయిందనుకో, లేకపోతే స్విచ్చాఫ్ అందనుకో, నీకు కుదర్లేదని. అప్పుడు భాయి ఆటో ఎక్కుతా."

"ఎత్తితే ఏమవుద్ది? ఎలా ఉందో అడుగుతాగా."

"ఎత్తితే నువ్వు హలో హలో అని గొంతు చించుకుంటావు. నాకు ఇంకాస్త కంగారు. కట్ చెయ్యవే తల్లీ, అంతే."

భాయి అంటే పక్కింటాయన. ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల షెడ్డులో మెకానిక్కు. షెడ్డులో పని లేని రోజుల్లో సొంత ఆటో తోలుకునేవాడు. అక్క అతనికి అక్కే. పండక్కి వాళ్ళింటి నుంచి మాకు సేమ్యా, క్రిస్మస్‌కి మా ఇంటి నుంచి వాళ్ళకి కేకు. ఎంత చనువున్నా, ఆయాసంలో అతని ఆటో ఎక్కడం అక్కకి ఇష్టం ఉండేది కాదు. నడవలేని స్థితిలో ఎవరో ఎత్తి కూర్చోబెట్టడం ఆవిడకి తలకొట్టేసినట్టుండేది. "నువ్వొస్తే సగం తగ్గిపోద్దే" అనేది. నేనూ అది నిజమే అనుకునేదాన్ని. పాఠం చెబుతుండగా ఫోను వణికితే, పేరు చూసి కట్ చేసి, సుద్దముక్క బల్లమీద పడేసి వెళ్ళిపోయేదాన్ని. వెళ్ళేసరికి ఆసుపత్రి సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉండేది. నన్ను చూడగానే స్కూటీ వెనక ఎక్కేది. ఆసుపత్రికి గేటు దాటక్కర్లేదు, మా ఇంటి వైపే, దగ్గర. మందు ఆవిరి పట్టించుకుని, సాయంత్రానికి మళ్ళీ మిషను మీద కూర్చుని నన్ను తిట్టేది. ఇలా ఎన్నిసార్లయిందో.

ఆ ఏడాది మా కాలేజీలో రెండు రోజుల సదస్సు పెట్టారు. విషయం సైబర్ భద్రత. అప్పటికి ఆ మాట మా ఊళ్ళో సగం మందికి తెలియదు. మా డిపార్ట్‌మెంటు హెడ్డుగారు ఎక్కడో విని వచ్చి, మనమూ చెయ్యాలని పట్టుబట్టారు. మంచాయనే. ఏ పని చేసినా పెళ్ళి చేసినట్టు చేస్తారు. గేటు దగ్గర పన్నీరు చల్లించడం, వక్తలకి శాలువాలు, మధ్యాహ్నం భోజనంలో రెండు స్వీట్లు. ఏ కాగితం మీద ఏం రాయాలో పట్టదు గానీ, ఎవరికి కుర్చీ దొరకలేదో మాత్రం ఆయన కళ్ళకి ముందు కనబడుతుంది.

అది మేరీమాత తిరునాళ్ళయిన మరుసటి వారం. గుణదల అంతా ఇంకా దుమ్ముతోనే ఉంది. జనం వెనకబడి వస్తూనే ఉన్నారు, కొవ్వొత్తుల పొగ, గుండ్లు గీయించుకున్న పిల్లలు, విప్పుతున్న పందిళ్ళు. ప్రతి ఏడూ ఆ వారం అక్కకి గండమే. కిటికీలకి తడిగుడ్డలు కట్టి లోపల కూర్చునేది. నేను సెలవు పెడతానంటే ఒప్పుకోలేదు.

"నువ్వు స్టేజీ మీద మాట్టాడతావంట గదా. ఎల్లి మాట్టాడు. నా మొహం చూస్తా కూచ్చుంటే ఏమొస్తది?"

మొదటి రోజు హైదరాబాదు నుంచి ఒక కుర్రాయన వచ్చాడు. సన్నగా, గడ్డం గీసుకోకుండా, చొక్కా ఇస్త్రీ లేకుండా ఉంటే మా హెడ్డుగారు అతన్ని చూసి కాస్త నిరాశపడ్డారు. అతను మైకు పట్టుకోగానే, "మీ ఫోన్లు మీ జేబుల్లోనే ఉన్నాయా? ఒకసారి తడుముకోండి" అన్నాడు. అందరూ తడుముకున్నారు. అతను లాప్‌టాప్ నొక్కగానే వెనక తెర మీద వరుసగా పేర్లు పడ్డాయి. హాల్లో బ్లూటూత్ ఆపని ఫోన్లన్నీ. ఒకటి 'కింగ్', ఒకటి 'మామ', ఒకాయన ఇంటిపేరుతో సహా డోర్ నంబరు కూడా పెట్టుకున్నాడు. హాలంతా గొల్లుమంది. తర్వాత అతను అందరికీ ఒక బొమ్మ పంపాడు. వద్దనాల్సింది పోయి సరే అని నొక్కింది మా హెడ్డుగారు. ఆయన ఫోనులో దాచుకున్న మొదటి నాలుగు పేర్లూ తెర మీద కనబడ్డాయి. అందులో ఒకటి 'పెద్దబావ అప్పు'. నవ్వలేక చచ్చాం. ఆయన మొహం మాత్రం నల్లబడిపోయింది.

చివర్లో ఆ కుర్రాయన చెప్పినవి చాలా మామూలు విషయాలు. ఇలాంటి చోటుకి వస్తే బ్లూటూత్ ఆపుకోండి, ఎవరిదో తెలియని ఛార్జరు వాడొద్దు, పక్కవాళ్ళ పెన్‌డ్రైవు మీ మిషన్లో పెట్టొద్దు, ఫోను చేతిలోంచి వదలొద్దు. అతనలా చెబుతుండగానే మొదటి వరుసలో ఇద్దరు ప్రొఫెసర్లు ఒకే పెన్‌డ్రైవు చేతులు మార్చుకుంటున్నారు. ఇంకో మాట కూడా అన్నాడు. "మీ ఫోను నుంచి వచ్చిందంటే మీరే పంపారని ఎదుటివాళ్ళు నమ్ముతారు. ఏ వేలు నొక్కిందో ఫోను చెప్పదండీ." అది చాలా బాగుందనిపించి నా మర్నాటి ప్రసంగంలో వాడుకుందామనుకున్నాను కూడా.

సాయంత్రం హెడ్డుగారు మమ్మల్నందరినీ పిలిచారు. బాగా దెబ్బతిని ఉన్నారు. రేపు ఇంకా పెద్దవాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ఫోన్లకి ఇలాంటి అవమానం జరగడానికి వీల్లేదన్నారు.

"కొండ మీద అమ్మవారి గుడి కింద చెప్పుల స్టాండు చూళ్ళేదా మేడం? టోకెనిస్తారు, చెప్పులు తీసుకుంటారు. ఒక్క జత పోయిందని ఎప్పుడైనా విన్నారా? అలాగే చేద్దాం. హాలు బయట బల్లేసి, లోపలికొచ్చే ప్రతి ఒక్కరి ఫోనూ మనమే తీసుకుని, గుడ్డసంచిలో పెట్టి, టోకెనిద్దాం. అప్పుడెవడు పీకుతాడో చూస్తా."

"సార్, ఆపేసుకుంటే సరిపోతుందన్నారు కదా ఆయన" అన్నాను.

"ఆ ఆపడం ఎలాగో ఎంతమందికి తెలుసమ్మా? మన దగ్గర ఉంటే మనకి భరోసా." తర్వాత నా వంక తిరిగి, మొహమాటంగా, "మీ అక్కగారు కుడతారు కదా. చిన్నచిన్న సంచులు, తాడు లాగితే మూసుకునేవి, రేపటికి అవుతాయా?" అన్నారు.

కుదరదని చెప్పే ఇంటికొచ్చాను. కానీ అక్క దగ్గర నోరు జారాను. పెద్ద నవ్వులాట కింద చెప్పాను, చెప్పుల స్టాండు సంగతి. ఆవిడ నవ్వలేదు. వెంటనే లేచి, మంచం కింద నుంచి గుడ్డముక్కల మూట లాగింది.

"ఒసే, మీ కాలేజీ వాళ్ళు నన్నొక పని అడగటం ఇదే మొదలు. కుట్టనంటే బావుంటదా?"

"ఆ మూట కదిపితే నూలుపొట్టు లేస్తుందక్కా. నీకు పడదు. ఇప్పటికే కూతలు వినబడుతున్నాయి."

"ముక్కుకి గుడ్డ కట్టుకుంటాలే. నువ్వు తాళ్ళు ఎక్కించు."

కోప్పడ్డాను, మూట లాక్కోబోయాను. వింటేగా! ముక్కుకి తువ్వాలు కట్టుకుని కూర్చుంది. జాకెట్ల ముక్కలు, పంజాబీ డ్రెస్సుల ముక్కలు, ఎరుపూ పసుపూ ఆకుపచ్చా. గాల్లో నూలు తేలుతోంది. మధ్యమధ్య మిషను ఆపి ఇన్‌హేలరు పీల్చింది. నాకోసం మాత్రం విడిగా ఒకటి కుట్టింది. నీలం పట్టుముక్కతో, లోపల మెత్తటి లైనింగు వేసి. "స్టేజీ మీద మాట్టాడేదానివి, నీది వేరేగా ఉండాలి" అంది.

పొద్దున్నే చూస్తే మొహం పీక్కుపోయి ఉంది. వెళ్ళనన్నాను. గదమాయించింది. సంచీలో మందులున్నాయి, ఫోనుంది, భాయి ఇంట్లోనే ఉన్నాడు, ఇంకేం కావాలంది. నిజానికి నాకూ వెళ్ళాలనే ఉంది. అక్క ఇస్త్రీ చేసిపెట్టిన చీర కట్టుకుని వెళ్ళాను.

హాలు బయట బల్ల, బల్ల వెనక మా లైబ్రేరియన్ మేడం, పక్కన రంగురంగుల సంచులు. వచ్చినవాళ్ళందరికీ అవి తెగ నచ్చాయి. హైదరాబాదు కుర్రాయన ఒక్కడే ఇవ్వనన్నాడు. "సంచులెందుకండీ? నా ఫోను నా జేబులో ఉన్నంత భద్రంగా ఇంకెక్కడా ఉండదు" అన్నాడు. హెడ్డుగారు నవ్వుతూనే అతని భుజం తట్టి లోపలికి పంపించారు గానీ, మా స్టాఫుని మాత్రం వదల్లేదు. అందరూ ఇవ్వాల్సిందే, మనమే ఇవ్వకపోతే పెద్దవాళ్ళనేం అడుగుతామన్నారు. నేను లైబ్రేరియన్ మేడం చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను.

"ఇది ఆపలేదండీ. ఇంట్లో మా అక్కకి బాలేదు. ఫోనొస్తే మీరేం చెయ్యొద్దు, ఎత్తొద్దు, సంచితో సహా నాకు తెచ్చిచ్చెయ్యండి. నేను స్టేజీ మీదున్నా సరే."

"అయ్యో, అలాగేనండీ. మీరు నిశ్చింతగా వెళ్ళండి" అంది. నీలం సంచి విడిగా, తన చేతికి అందేటట్టు పెట్టుకుంది. ఆవిడ తప్పేం లేదు.

లోపల నేను మాట్లాడాను. బాగానే మాట్లాడాను. వేలు సంగతి కూడా చెప్పాను, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత సన్మానాలు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరికి శాలువాలు కప్పుతున్నారు, నేను మైకులో పేర్లు చదువుతున్నాను. భోజనాల వేళ దాటింది. బయటికొచ్చేసరికి బల్ల వెనక లైబ్రేరియన్ మేడం లేదు. హెడ్డుగారు నిలబడి ఉన్నారు.

"శాలువాలు తక్కువపడేట్టున్నాయని మీరు స్టేజీ ఎక్కకముందే ఆవిణ్ణి ఊళ్ళోకి పంపాను మేడం, అప్పట్నించీ బల్ల దగ్గర నేనే ఉన్నా. ఒక్క ఫోను పోలేదు చూశారా!" అంటూ నా టోకెను తీసుకుని నీలం సంచి నా చేతికిచ్చారు. "మీది నాలుగైదు సార్లు మోగిందమ్మా. లోపలికి వినబడుతోంది, మీరేమో మైకులో ఉన్నారు. డిస్టర్బ్ అవుతారని మోగినప్పుడల్లా కట్ చేశాను."

నాకు ముందు అర్థం కాలేదు. కట్ చేశాను అన్న మాట ఒకటే చెవుల్లో పడింది. తాడు లాగి ఫోను తీసి చూశాను. అక్క, అక్క, అక్క. మొదటిది నేను స్టేజీ ఎక్కగానే. ఆఖరుది చాలాసేపటి కిందట. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఎందుకు ముట్టుకున్నారు?" అని అరిచాను. జనం తిరిగి చూశారు. "నా ఫోను మీరెందుకు ముట్టుకున్నారు సార్? మోగనివ్వాల్సింది! మోగి మోగి చావనివ్వాల్సింది!" ఆయన బిత్తరపోయి, "మంచికేనమ్మా..." అంటూ ఏదో చెబుతున్నారు. తర్వాత మా ఇంటికొచ్చి గడప దగ్గర నిలబడి ఏడ్చారు ఆయన. నేను కూర్చోమనలేదు. ఆ కోపం తప్పో ఒప్పో నాకు తెలియదు. ఇవాళ్టికీ పోలేదు.

అక్కకి ఫోను చేస్తూనే స్కూటీ దగ్గరికి పరిగెత్తాను. మోగుతోంది, ఎత్తడం లేదు. భాయి ఫోను కలవలేదు. గన్నవరం రోడ్డు మీద లారీల మధ్య ఎలా పోయానో తెలియదు. దారంతా ఒకటే లెక్క. అక్క ఫోను చేసింది. కట్ అయింది. నేను వస్తున్నానని తలుపేసుకుని గుమ్మంలో కూర్చుంది. రాలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ అయింది. అంటే ఇంకా వస్తూనే ఉన్నాననుకుంది. ఆ ఫోను దొంగలు కొట్టేసి ఉంటే బావుండేది. నీళ్ళలో పడి చచ్చిపోయినా బావుండేది. స్విచ్చాఫ్ అని వినబడితే భాయిని పిలిచేది కదా.

ఎప్పుడు చూసినా పడి ఉండే గుణదల గేటు ఆ రోజు బార్లా తెరిచి ఉంది. ఆగకుండా దాటాను. ఇంటికి తాళం. గుమ్మంలో అక్క చెప్పులు, ఒకటి తిరగబడి ఉంది. ఎదురింటి ముసలావిడ ఆసుపత్రి వైపు చెయ్యి చూపించింది.

ఆసుపత్రిలో భాయి మెట్ల మీదే ఎదురయ్యాడు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది.

"ఎక్కడాగిపోయావు చెల్లెమ్మా? పొద్దుటేల నేను తిరునాళ్ళ జనాన్ని ఎక్కించుకుని గన్నవరం పోతా అడిగా, ఆస్పటలుకి దింపనా అక్కా అని. వద్దని చెయ్యి ఊపింది. ఫోను చూపించింది, నువ్వొస్తన్నావని. సరేలే నువ్వొచ్చేస్తావుగా అని పోయా. తిరిగొచ్చేసరికి గుమ్మంలో అట్నే ఉంది, ఒరిగిపోయి. పెదాలు నీలంగా... సంచీ ఒళ్ళోనే ఉంది."

అతనికి జరిగింది చెప్పాను. రెండు ముక్కల్లో చెప్పాను. అతను నెత్తిన చెయ్యి పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. పొద్దున్నే బలవంతంగానైనా ఎక్కించుకోవాల్సిందని తనని తాను తిట్టుకుంటుంటే, నేనే లేపి లోపలికి తీసుకెళ్ళాను. డాక్టరు ఆలస్యమైందన్నాడు. ఇంకా ముందు తెచ్చి ఉండాల్సిందన్నాడు. ఎంత ముందో నేను అడగలేదు.

అక్క మొహానికి మాస్కు పెట్టి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. గోళ్ళ సందుల్లో ఇంకా నీలం పట్టుదారం పోగులున్నాయి. చాలాసేపటికి కళ్ళు తెరిచింది. నన్ను పోల్చుకుంది. మాస్కు పక్కకి లాగబోతే నేను వద్దన్నాను. వినలేదు. ఎప్పుడు విన్నది కనక!

"కట్ చేశావుగా" అంది. ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటోంది. "చేశావుగా... మరి ఇంతసేపా?"

ఆ చూపులో కోపం లేదు. అర్థం కాకపోవడం ఉంది. నేనెక్కడో దారిలో ఉన్నానని నమ్మి, ఊపిరి పట్టుకుని అంతసేపూ కూర్చున్న మనిషి. కట్ చేసింది నేను కాదని చెబితే, ఆ గుమ్మంలో ఆవిడ ఎవరూ రాని దారి చూస్తూ కూర్చున్నట్టవుతుంది. అలా కానివ్వడం నా వల్ల కాలేదు.

"చేశానక్కా. వెంటనే బయల్దేరాను" అన్నాను. "గేటు పడింది."

మంచానికి అవతల భాయి నిలబడి ఉన్నాడు. గన్నవరం నుంచి ఆ గేటు మీదుగానే వచ్చాడు. అది తెరిచి ఉందని అతనికీ తెలుసు. తల ఎత్తి నా మొహంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"అవునక్కా" అన్నాడు. "గూడ్సు బండి. ఎంతకీ పోలా. చెల్లెమ్మ గేటవతల స్కూటీ మీద నిలబడి ఏడస్తానే ఉంది, నేను చూశాగా."

అక్క అతని వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నుదుటి మీద ముడి మెల్లగా విడిపోయింది. నా వేళ్ళు రెండు పట్టుకుని నొక్కింది.

"దిక్కుమాలిన గేటు" అంది.

నేను మాస్కు మళ్ళీ సరిగ్గా పెట్టాను. మర్నాడు పొద్దున అక్క పోయింది.